తక్‌పట్టీల (మార్కెట్ల రైతుకిచ్చే లెక్క చీటీల) సాఫ్ట్‌వేర్ రాసిన, సైబర్ సెక్యూరిటీల నౌకరి కావాలె. ఎటు పోవాలె?

ఎనుమాముల బిడ్డ:

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది వరంగల్, ఎనుమాముల మార్కెట్ దిక్కు. 2024ల బీటెక్ సీఎస్‌ఈ అయిపోయింది. 72 శాతం, బ్యాక్‌లాగులు లేవు. నాయిన మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల 22 ఏండ్ల సంది గుమాస్త. నా చదువు అయిపోయి ఏడాది దాటింది, నౌకరి ఇంక రాలే. సెక్యూరిటీ దిక్కు పోవాల్నా, డెవలపర్‌గ పోవాల్నా తేల్చుకోలేక రాస్తున్న. పెద్దగనే రాసిన, జర ఓపికతోని చదువుండ్రి.

సెక్యూరిటీ మీద నాకు మనసెట్ల పడ్డదో ముందు చెప్త. మూడో సంవత్సరంల ఉన్నప్పుడు మా చిన్నమ్మకు బ్యాంకు నుంచి అని ఫోన్ వచ్చింది. కేవైసీ ఆగిపోయింది, ఈ యాప్ ఎక్కించుకో అన్నరు. ఆ యాప్ పెట్టంగనే ఆమె ఫోన్ల ఏం కనబడ్డా అవతలోనికి కనబడుతది, ఓటీపీతో సహా. 38,000 పోయినయి. పత్తి అమ్మిన పైసలు. భయపడి ఎవరికీ చెప్పలే, మేము సైబర్ మోసాల నంబర్ 1930కి ఫోన్ చేసేసరికి నాలుగో రోజు. అప్పటికే ఒక ఖాతాల నుంచి ఇంకో ఖాతాలకు మారుకుంట పోయినయి. వెంటనే ఫోన్ చేస్తే నడుమ ఎక్కడన్న ఆపే అవకాశం ఉంటదని అప్పుడు తెలిసింది. ఆ యాప్ లోపల ఏం చేసిందో తెలుసుకోవాలని కూసున్న రాత్రి నుంచి నాకు ఈ పిచ్చి పట్టింది.

చదువు అయినంక హైదరాబాద్‌ల ఒక ఇన్‌స్టిట్యూట్‌ల ఎథికల్ హ్యాకింగ్ కోర్సు చేసిన. ఫీజు 45,000, మూడు నెలలు, హాస్టల్ ఖర్చు వేరే. కాలీ లైనక్స్ ఎక్కించుడు, ఎన్‌మ్యాప్‌తోని పోర్టులు చూసుడు, ఏ టూల్‌ల ఏ కమాండ్ కొట్టాల్నో రాసుకునుడు, ఇంతే. పోర్టు అంటే ఏందని అడిగితే "అది ఇంటర్వ్యూల అడగరు" అన్నరు. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నోళ్లు ఆఖరికి ఒక కన్సల్టెన్సీ నంబర్ చేతుల పెట్టిన్రు. ఆ కన్సల్టెన్సీ ఆయన లక్షన్నర కడితే రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు ఇప్పిస్తనన్నడు. నాయిన షావుకారు దగ్గర బదులు తెస్తనన్నడు. నేను వద్దన్న, కానీ ఆ రోజు నుంచి "అందరు గట్లనే పోతున్నరట కదా బిడ్డా" అని అడుగుతనే ఉన్నడు.

ఇంటర్వ్యూలు ఐదు అయినయి. ఒకటి మాత్రం మర్చిపోలేకపోతున్న. అది ఎస్‌ఓసీ ఎల్ వన్ పోస్టు, అంటే కంపెనీ కంప్యూటర్ల మీద దాడి జరుగుతున్నదా అని రాత్రింబగళ్లు కాపలా కాసే సెంటర్ల మొదటి మెట్టు నౌకరి. "రాత్రి 2 గంటలకు ఒక యూజర్ లాగిన్ 40 సార్లు ఫెయిలయ్యింది, 41వ సారి అయ్యింది. నువ్వు ఏం చేస్తవ్?" అని అడిగిన్రు. పాస్‌వర్డ్ మార్పిస్త అన్న. "తర్వాత?" అన్నడాయన. నా నోట్లె మాట రాలే.

ఇంకొకటి చెప్పాలె. కాలేజీల మేజర్ ప్రాజెక్టు మా బ్యాచ్ అంతా కలిసి కొన్నదే, రెజ్యూమెల అదే పెట్టిన. నేను సొంతంగ రాసింది ఒక్కటే ఉంది. మిర్చి సీజన్ల నాయిన రాత్రి 11 దాకా దుకాణంల కూసొని తక్‌పట్టీలు రాసేటోడు. రైతు పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, దడ్వాయి ఖర్చులు, చేతికొచ్చే పైసలు. అది చూడలేక ఫైనల్ ఇయర్ సెలవుల్ల పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ తోని సాఫ్ట్‌వేర్ రాసిన. షావుకారు ఇంటికాడ గూడ చూసుకుంటనంటే చిన్న హోస్టింగ్ తీసుకొని ఇంటర్నెట్ల పెట్టిన. ఇప్పుడు కాంటా అయిపోంగనే రైతు వాట్సాప్‌కు తక్‌పట్టీ లింక్ పోతది, లింక్ చివర తక్‌పట్టీ నంబర్ ఉంటది. రెండు సీజన్ల సంది నడుస్తున్నది. ఇది రెజ్యూమెల పెట్టలే. మార్కెట్ లెక్కల సాఫ్ట్‌వేర్ చూసి సెక్యూరిటీ నౌకరి ఎవరిస్తరు?

ఆఖరి ముచ్చట. ఒక విద్యా సంస్థ వెబ్‌సైట్‌ల మార్కుల మెమో చూసుకుంటుంటే, అడ్రస్‌ల హాల్ టికెట్ నంబర్ మారిస్తే వేరేటోళ్ల మెమో, ఫోన్ నంబర్‌తో సహా వచ్చింది. రెండు మూడు చూసి భయమై బంద్ చేసిన, ఎవరికీ చెప్పలే. ఇది నేను కనిపెట్టిన అని రెజ్యూమెల రాయొచ్చా? రాస్తే సెక్యూరిటీ వచ్చని నమ్ముతరా?

రాత్రిషిఫ్ట్ అక్క:

చెల్లె, మాది హన్మకొండ. హైదరాబాద్‌ల ఎస్‌ఓసీల ఆరేండ్ల సంది చేస్తున్న, ఇప్పుడు ఎల్ వన్ పిల్లలను ఇంటర్వ్యూ చేసేటోళ్లల్ల నేనొకదాన్ని. నిన్ను అడిగిన ఆ 40 సార్ల ప్రశ్న నేను గూడ అడుగుత, అందుకే దాని కాడికే ముందు వస్త.

పాస్‌వర్డ్ మార్పిస్త అన్నది తప్పు కాదు, కానీ అది చివరికి చేసే పని. లోపలికొచ్చినోడు ఇంట్ల కూసొని ఉంటే తాళం మారిస్తే ఏం లాభం? ముందు ఏం జరిగిందో చూడాలె. విండోస్ లాగ్‌ల, అంటే కంప్యూటర్ల జరిగింది రాసుకునే చిట్టల, లాగిన్ ఫెయిలైతే 4625 అని పడ్తది, లోపలికి పోతే 4624 అని పడ్తది. 40 సార్లు 4625, ఎంబడే ఒక 4624. ఎక్కడి నుంచి వచ్చింది, ఏ ఐపీ, అంటే ఏ కంప్యూటర్ అడ్రస్? ఆ ఐపీ నుంచి ఇంకెవరి ఖాతాలన్న తట్టి చూసిండా? 40 సార్లు నిమిషంల అయినయా, గంటల అయినయా? మనిషి కొట్టిండా, స్క్రిప్టు కొట్టిందా అన్నది ఆ టైములే చెప్తయి. ఇంక అసలు సంగతి, లోపలికొచ్చినంక ఏం చేసిండు? కొత్త ఖాతా తెరిస్తే 4720 పడ్తది. ఎవరినన్న అడ్మిన్ గ్రూపుల చేర్చితే 4732. సెక్యూరిటీ లాగ్ తుడిచేస్తే 1102, అది కనబడితే నేనైతే కుర్చీల నుంచి లేస్త. ఇవన్ని రాసి, ఆ మిషన్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయమని పైకి పంపుడు ఎల్ వన్ పని. వచ్చిన జవాబు కంటే, తర్వాత ఏం చూస్తవ్ అన్నదే మేం వినేది.

దీనికి 45,000 అక్కరలేదు. 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ ఉంటే చాలు. వర్చువల్ మిషన్ల (కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్ల) విండోస్ ఒకటి పెట్టు, ఇంకో దాంట్ల ఆ లాగ్‌లను ఒక్క కాడ చూపెట్టే వాజూ పెట్టు, అది ఓపెన్ సోర్స్, ఉచితం. తప్పు పాస్‌వర్డ్‌లకు ఖాతా లాక్ చేసే సెట్టింగ్ ముందు తీసేసి, నీ విండోస్‌కు నువ్వే 40 సార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టు, 41వ సారి సరైంది కొట్టు. ఏం పడ్డదో చూసి నీ మాటల్ల ఒక పేజీ రాయి. ఇంటర్వ్యూల నువ్వు మాట్లాడెటప్పుడు చూసినోళ్ల మాట వేరే ఉంటది, మాకు వెంటనే తెలుస్తది.

మీ అమ్మ రాత్రి షిఫ్ట్ వద్దంటదని నువ్వు రాయలే, కానీ నా ఇంట్ల నెల రోజులు కొట్లాట అయ్యింది కాబట్టి చెప్తున్న. ఎస్‌ఓసీ 24 గంటలు నడవాల్సిందే. సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సర్కారు సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌ల ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఘటన కనబడ్డ 6 గంటల్ల రిపోర్ట్ చెయ్యాలె, లాగ్‌లు 180 రోజులు దాచాలె. రాత్రి 2కు జరిగింది పొద్దున 10కి చూస్తే లోపలికొచ్చినోనికి 8 గంటలు దొరుకుతయి. అందుకే మనిషి ఉంటరు. మా ఆఫీసుల క్యాబ్ ఇంటి ముందటికి వస్తది, ఆడపిల్లలున్న క్యాబ్‌ల గార్డు ఉంటడు. మా అమ్మను ఒక రోజు ఆఫీసు గేటు దాకా తీస్కపోయి చూపించిన, అప్పుడు ఒప్పుకున్నది.

మానేరు కట్ట:

చెల్లె, నేను కరీంనగరోన్ని, తొమ్మిదేండ్ల సంది డెవలపర్‌ను. నువ్వు రాసిందాంట్ల ఒక్క లైను చదివి ఆగిపోయిన. "లింక్ చివర తక్‌పట్టీ నంబర్ ఉంటది."

ఆ నంబర్‌కు ఒకటి కలిపితే ఏమొస్తది? ఇప్పుడే చూడు.

నాకు తెలిసి పక్క రైతు తక్‌పట్టీ వస్తది, పేరు, ఊరు, ఫోన్, ఎన్ని పైసలొచ్చినయో. బ్యాంక్ ఖాతా నంబర్ గూడ పెట్టినవంటే ఇంక ఆలస్యం చెయ్యకు. మీ చిన్నమ్మకు ఫోన్ చేసినోనికి ఇంతకంటే మంచి లిస్టు దొరకది. ఎవరికి ఇయ్యాల పైసలు పడ్డయో పేరుతో సహా ఉంటది అందుల. హాల్ టికెట్ నంబర్ మార్చి నువ్వు కనిపెట్టిన తప్పు, నీ సాఫ్ట్‌వేర్‌ల ఉన్న తప్పు, రెండూ ఒక్కటే. నిన్ను తిట్టనీకి చెప్తలేను, ఇది మస్తు మంది అనుభవమున్నోళ్లు చేసే తప్పే. వెబ్ సెక్యూరిటీ మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ వాళ్లు 2021ల వేసిన టాప్ 10 జాబితాల మొదటి నంబర్ ఇదే, బ్రోకెన్ యాక్సెస్ కంట్రోల్, అంటే ఎవరిది వాళ్లకే చూపెట్టే కట్టడి లేకపోవుడు.

దిద్దుడు గూడ కష్టం కాదు. రైతుకు లాగిన్ పెట్టలేవు, పెట్టినా వాడరు. అందుకని లింక్ చివర వరుస నంబర్ తీసేసి, ఎవరూ ఊహించలేని పొడుగు రాండమ్ అక్షరాలు పెట్టు. పీహెచ్‌పీల ర్యాండమ్ బైట్స్ ఫంక్షన్‌తోని 16 బైట్లు తీస్తే చాలు. కొన్ని రోజులైనంక ఆ లింక్ పనిచెయ్యకుండ చెయ్యి. ఖాతా నంబర్ల చివరి నాలుగు అంకెలే చూపెట్టు. షావుకారు, మీ నాయిన లాగినయ్యే పాస్‌వర్డ్‌లు టేబుల్ల ఉన్నదున్నట్టే దాచినవా? పాస్‌వర్డ్ హాష్ ఫంక్షన్ వాడు, అది పాస్‌వర్డ్‌ను తిరిగి చదవరాకుండ మార్చి ఇస్తది, బీక్రిప్ట్ అనే పద్ధతి అదే చూసుకుంటది. క్వెరీల, అంటే డేటాబేస్‌ను అడిగే వాక్యాలల్ల, రైతు పేరును నేరుగ అతికించినవా? పేరును వాక్యంల కలపకుండ వేరేగ పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు మార్చు. వెబ్‌సైట్ల తప్పులు వెతికే టూల్ బర్ప్ సూట్ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితమే, దాన్ని పెట్టుకొని నీ సాఫ్ట్‌వేర్ మీద నువ్వే దాడి చెయ్యి, కానీ దుకాణం నడుస్తున్న సర్వర్ మీద కాదు, ఇంట్ల ఒక కాపీ పెట్టుకొని. షావుకారుకు ముందు చెప్పు, ఆయన సరే అన్నంకనే ముట్టుకో.

ఇంకొకటి, దీన్ని మీ నాయిన దగ్గర నేర్చుకో. కాగితం తక్‌పట్టీల తూకం తప్పు పడితే ఆయన ఏం చేస్తడు? రబ్బరు పెట్టి తుడవడు కదా. గీత కొట్టి పక్కన రాసి సంతకం పెడ్తడు, కార్బన్ కాపీల గూడ ఆ గీత ఉంటది. నీ సాఫ్ట్‌వేర్‌ల తూకం మారిస్తే పాత అంకె ఎటు పోతున్నది? ఎవరు మార్చిండ్రు, ఎప్పుడు, ఇంతకుముందు ఎంత ఉండె, ఇవి ఒక టేబుల్ల పడాలె, ఆ టేబుల్ల నుంచి ఎవరూ తీసేయలేకుండ ఉండాలె. పెద్ద కంపెనీల ఆడిట్ లాగ్ అనేది ఇదే.

ఇగ నీ అసలు ప్రశ్న, సెక్యూరిటీనా డెవలప్‌మెంటా. నాకు ఆ రెండు వేరేవని అనిపించదు. మస్తు లైనక్స్ మిషన్లల్ల ఉండే ఎక్స్‌జెడ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీల పెట్టిన దొంగ దారిని 2024 మార్చిల కనిపెట్టింది ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్, సెక్యూరిటీ ఆయన నౌకరి కాదు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి మిషన్‌లకు పోయే లాగిన్) మామూలు కంటే అర సెకను ఎక్కువ తీసుకుంటున్నదని చూసిండు, ఎందుకని తవ్విండు. తన సిస్టమ్ ఎంత సేపు తీసుకోవాల్నో తెలిసినోడు కాబట్టి ఆ అర సెకను కనబడ్డది. నువ్వు డెవలపర్ పోస్టులకు గూడ వెయ్యి, అప్లికేషన్ సెక్యూరిటీకి అందులకెళ్లే దారి ఉంటది. మడికొండ ఐటీ పార్కుల 2020 జనవరిల టెక్ మహీంద్రా, సైయెంట్ మొదలయినయి, మా కరీంనగర్ల గూడ అదే ఏడాది ఐటీ టవర్ తెరిచిన్రు. హైదరాబాదే కావాలని పట్టు పట్టకు, ఇంటికాడ ఉండి రెండేండ్లు చేసినా ఆ రెండేండ్లు నిజమైనవే.

కాజీపేట మాస్టారు:

అమ్మా, నేను ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్స్ పాఠం చెప్పి రిటైరయినవాణ్ని. పై ఇద్దరూ పని సంగతి బాగా చెప్పారు. మిగిలిన రెండు విషయాలు నేను చెబుతాను, రెండూ నువ్వు భయపడవలసినవే కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను.

మొదటిది ఆ మెమోల వెబ్‌సైట్. రెజ్యూమెలో రాయకు. నీకు అనుమతి లేని కంప్యూటర్లో ఉన్న సమాచారాన్ని చూడటం ఐటీ చట్టం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. అదే పని మోసబుద్ధితో చేశారని తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నీకు ఆ బుద్ధి లేదని నాకు తెలుసు, కానీ అనుమతి అడగకుండా తలుపు తీసి చూశానని నీ చేత్తో నువ్వే రాసిచ్చే కాగితం అవుతుంది రెజ్యూమె. పైగా దాన్ని చదివే కంపెనీ "రేపు మా దగ్గర కూడా ఇలాగే చేస్తుందా" అనుకుంటుంది. ఇక ముందు ఒక్క నంబరు కూడా మార్చి చూడకు. ఎవరి మెమోలైనా దాచి ఉంటే తీసెయ్యి. ఏ పేజీలో ఏ తప్పు ఉందో, ఎలా బయటపడిందో ఉన్నదున్నట్టు రాసి సెర్ట్-ఇన్‌కు పంపు. ఇలాంటి లోపాల సమాచారాన్ని వాళ్లు తీసుకుంటారు. ఆ పిల్లల ఫోన్ నంబర్లు ఇంకా అక్కడే ఉన్నాయి కదా, అది ఆపడం ముఖ్యం.

రెండోది ఆ లక్షన్నర. మీ నాన్నగారికి ఇది చదివి వినిపించు. ఈ రోజుల్లో కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతాకు ఉండే యూఏఎన్ నంబరు అడుగుతాయి. ఎక్కడ ఎన్నాళ్లు పని చేశారో, ఏ సంస్థ పీఎఫ్ కట్టిందో అందులో వరుసగా కనిపిస్తుంది. రెండేళ్లు చేశానని లెటర్ ఉండి అందులో ఒక్క నెల కూడా లేకపోతే ఆ రోజే ఇంటికి పంపుతారు. మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికే అంత అయితే, నమ్మకం మీద నడిచే సెక్యూరిటీ ఉద్యోగంలో అబద్ధపు కాగితంతో అడుగుపెట్టినవాళ్లను ఎవరు ఉంచుకుంటారు? నా విద్యార్థి ఒకడు ఇలాగే ఆఫర్ పోగొట్టుకుని నా ఇంటికొచ్చి కూర్చున్నాడు. వాడి అప్పు ఇంకా తీరలేదు.

చదవాలనే ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్‌లో ఆర్నెల్ల పీజీ డిప్లొమా ఉంది, ఐటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్, సిస్టమ్స్, సెక్యూరిటీ మీద. డిటిస్ అంటారు. సీ-క్యాట్ అనే పరీక్ష రాయాలి. నెట్‌వర్కింగ్, ఆపరేటింగ్ సిస్టమ్స్ పునాది నుంచి చెబుతారు. పోర్టు అంటే ఏమిటని నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికే చోటు అది.

ఎనుమాముల బిడ్డ:

అందరికి దండం. పది రోజులు రాయలే, పని చేసుకుంట ఉన్న.

మానేరు కట్ట అన్న చెప్పినట్టే ఆ రాత్రే ఒకటి కలిపి చూసిన. పక్క రైతు తక్‌పట్టీ వచ్చింది. పర్వతగిరి దిక్కు పెద్దమనిషి, 31 బస్తాల మిర్చి, ఖాతా నంబర్ పూర్తిగ. నాకు చేతులు వణికినయి. రెండు సీజన్లు గట్ల తెరిచి పెట్టిన. పొద్దుగాలనే నాయినతోని దుకాణానికి పోయి షావుకారుకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన కోపానికి రాలే, "లింకులు బంద్ పెట్టు, మంచిగైనంక తెరువు" అన్నడు. నాలుగు రోజులు రైతులకు కాగితమే ఇచ్చిన్రు. ఐదో రోజు కొత్త లింకులు మొదలుపెట్టిన. పాస్‌వర్డ్‌లు హాష్ చేసిన. క్వెరీలు 23 కాడ అతికించి ఉండె, అన్ని మార్చిన.

మార్పుల టేబుల్ గురించి నాయినను అడిగితే గంట సేపు చెప్పిండు. గీత కొట్టి రాసినప్పుడు రైతు ముందటనే రాయాలట, రైతుతోని వేలిముద్రో సంతకమో పెట్టించాలట. అందుకని తూకం మారిస్తే రైతు ఫోన్‌కు మెసేజ్ పోయేటట్టు పెట్టిన. ఇది ఎవరు చెప్పినా నాకు తట్టేది కాదు.

మాస్టారు, మీరు రాసింది నాయినకు చదివి వినిపించిన. యూఏఎన్ ముచ్చట రెండు సార్లు చదివించుకున్నడు. మళ్ల ఆ లక్షన్నర పేరు ఎత్తలే. సెర్ట్-ఇన్‌కు గూడ మెయిల్ పంపిన.

రెజ్యూమెల కొన్న ప్రాజెక్టు తీసేసిన. తక్‌పట్టీ సాఫ్ట్‌వేర్ పెట్టి, అందుల ఏం తప్పు ఉండె, ఎట్ల దొరికింది, ఎట్ల దిద్దిన అని షావుకారును అడిగే రాసిన.

అక్కా, మీరు చెప్పిన ల్యాబ్ పెట్టిన. 40 సార్లు కొట్టిన, 41వది అయ్యింది. 4625లు లెక్క పెడితే 40 ఉన్నయి, అన్ని ఒకే ఐపీ నుంచి, 4624 గూడ అదే ఐపీ. తర్వాత ఖాతా ఒకటి తెరిచి అడ్మిన్ గ్రూపుల చేర్చిన, 4720, 4732 రెండూ కనబడ్డయి. ఇప్పుడు నన్ను అడిగితే ఈ వరుసల చెప్త. సరిపోతదా?

రాత్రిషిఫ్ట్ అక్క:

సరిపోదు, కానీ మంచిగ మొదలు పెట్టినవ్. ఐపీ చూసినవ్, ఏ తీరుగ లోపలికొచ్చిండో చెప్పే లాగాన్ టైప్ చూసినవా? అదే ఈవెంట్‌ల కిందికి పోతే ఉంటది. 2 అంటే మిషన్ ముందట కూసొని కొట్టిండు. 3 అంటే నెట్‌వర్క్ మీంచి, ఫైల్ షేర్ లాంటిది. 10 అంటే రిమోట్ డెస్క్‌టాప్, దూరం నుంచి ఆ స్క్రీన్ తెరుచుకునుడు. కానీ రిమోట్ డెస్క్‌టాప్‌కు ఎన్‌ఎల్‌ఏ (స్క్రీన్ తెరవకముందే పాస్‌వర్డ్ అడిగే సెట్టింగ్) ఆన్ చేసి ఉంటే ఫెయిలైనయి 3 కింద పడ్తయి, లోపలికొచ్చినప్పుడు 10 కనబడుతది. కొత్తోళ్లు 3 చూసి రిమోట్ డెస్క్‌టాప్ కాదని రాసేస్తరు. ఎన్‌ఎల్‌ఏ ఒకసారి ఆన్ పెట్టి, ఒకసారి ఆఫ్ పెట్టి మళ్ల చెయ్యి, రెండిట్ల ఏం తేడా వచ్చిందో రాసి పెట్టు. ఆదివారం నాకు షిఫ్ట్ లేదు. పొద్దున 10కి కాల్ చేస్త, ఇంటర్వ్యూలనే అడిగినట్టు అడుగుత. మీ నాయినను గూడ పక్కన కూసొమ్మను, ఆ వేలిముద్ర సంగతి నేను ఆయన నోట వినాలె.